బూచాడు, భూతం, ఇంకా మనం

మన తెలుగువాళ్లకు ఎన్ని కరువులు వచ్చినా దయ్యాల కరువు మాత్రం ఏనాడూ రాలేదు. దయ్యం, భూతం, పిశాచం, రక్కసి, బేతాళుడు, మోహిని, శాకిని, ఢాకిని... ఊపిరి తిప్పుకోకుండా చెప్పుకుపోవచ్చు. పైగా వీళ్లలో హోదాలున్నాయి. బ్రహ్మరాక్షసుడంటే బాగా చదువుకుని చెడిపోయినవాడు. కొరివిదయ్యానికి నిప్పు చేతిలో ఉండి తీరాలి. బూచాడికి మాత్రం రూపం లేదు, కులం లేదు, ఊరు లేదు. అన్నం తినని పిల్లలున్న ప్రతి ఇంటికీ అతగాడు సొంతవాడే.

మాది నల్లగొండ జిల్లాలో చిన్న పల్లె. "పండుకో బిడ్డా, బూచోడొస్తడు" అని నానమ్మ అనేది. అదే ఆమె పాడిన జోలపాట అనుకోండి. ఇప్పుడు చిక్కడపల్లిలో గది తీసుకుని చదువుకుంటున్నాను. కింది వాటాలో ఇంటావిడ తన మనవణ్ణి పొద్దస్తమానం "అరే షైతాన్!" అని పిలుస్తుంది. ఈ నారాయణగూడ, చిక్కడపల్లి తెలుగులో ఉర్దూ పాలూ నీళ్లలా కలిసిపోయింది కదా! ఆ పిలుపులో ఎంత ముద్దుందంటే, తన అసలు పేరు షైతానే అని వాడు నమ్ముతున్నట్టున్నాడు.

అశోక్‌నగర్‌లో మరో వాడుక విన్నాను. అక్కడ గ్రూప్స్ పరీక్షలకు తయారయ్యేవాళ్ల మాటల్లో అర్థమెటిక్ ఒక భూతం, కరెంట్ అఫైర్స్ ఇంకో భూతం. నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దున కూర్చుని రాత్రిదాకా లేవనివాణ్ణి చూపించి "వాడు మనిషి కాదురా, రాక్షసుడు" అంటారు. తిట్టు కాదు, బిరుదు! 1957లో వచ్చిన 'మాయాబజార్'లో ఎస్.వి. రంగారావు ఘటోత్కచుణ్ణి చూశాక తెలుగువాడు రాక్షసుడంటే భయపడటం మానేశాడని నా అనుమానం. 1947లో మొదలైన 'చందమామ' కూడా ఇందులో కొంత పుణ్యం మూటగట్టుకుంది. ఆ కథల్లో దయ్యాలు చాలామంది మనుషులకన్నా మర్యాదస్తులు.

కొన్ని మాటలు పూర్తిగా కోరలు పీకించుకుని పాఠ్యపుస్తకాల్లో చేరిపోయాయి. చిన్న అక్షరాన్ని పెద్దగా చూపే అద్దం భూతద్దం అయింది. నేలబొగ్గుకు రాక్షసిబొగ్గని పేరు. డైనోసార్‌ను రాక్షసబల్లి చేశాం. మన నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ మ్యూజియంలో అలాంటి అస్థిపంజరం ఒకటుంది. పాత ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర దొరికిన ఎముకలవి. 1988లో శాస్త్రజ్ఞులు దానికి కోటాసారస్ అని నామకరణం చేశారు. కోట్ల ఏళ్లకు పూర్వం బతికిన ఆ 'రాక్షసి' పాపం శుద్ధ శాకాహారి. ఆకులు అలములు తప్ప ఇంకేమీ ముట్టలేదు.

అదలా ఉంచండి. అన్ని మాటలూ ఇలా సాధువులు కాలేదు. కొన్నిటితో నాకు పేచీ ఉంది.

గ్రంథాలయంలో రోజూ పేపర్లు తిరగేయడం నాకలవాటు. "వరకట్న పిశాచానికి యువతి బలి" అన్న శీర్షిక ఎన్నిసార్లు చూశానో! మొదట్లో అందులో తప్పేమీ తోచేది కాదు, గట్టిగానే రాశారనిపించేది. తరవాత ఒకరోజు వ్యాకరణం తెలిసినవాడిలా ఆ వాక్యాన్ని విడదీసి చూస్తే కర్త పిశాచమని తేలింది. మరి భర్త ఏడి? అత్తమామలేరి? పిశాచం మీద ఏ పోలీసు స్టేషన్‌లో కేసు పెడతారు? చట్టం ఈ విషయంలో పత్రికలకన్నా నయం. 1986లో శిక్షాస్మృతిలో చేర్చిన 304-బి సెక్షన్, 2024 జూలై నుంచి భారతీయ న్యాయసంహితలో 80వ సెక్షన్‌గా ఉన్నది, పెళ్లయిన 7 ఏళ్లలోపు జరిగే ఇలాంటి చావుల గురించి చెబుతూ భర్త, అతని బంధువులు అని మనుషులనే పేర్కొంటుంది. అందులో పిశాచాలు లేవు.

అమ్మవారి భయంతో పుట్టిన 'మహమ్మారి' 2020లో మళ్లీ ఇంటింటి మాటయింది. దానికి నాకు అభ్యంతరం లేదు. కంటికి కనపడని పురుగుకు ఆ పేరు తగినదే. కంటికి కనపడే మనిషికి ముసుగు వేయడమే నాకు మింగుడుపడదు.

దీనికి తలకిందులైన వాడుకా ఉంది. అక్కడ మనిషినే దయ్యాన్ని చేస్తారు. మా ఊళ్లో ఒక ముసలామెకు చేతబడి చేస్తుందని పేరు పెట్టారు. ఆమె ఇంటిముందు నుంచి బడికి పోవద్దని పిల్లలకు చెప్పేవాళ్లు. ఎవరి గొడ్డు చచ్చినా, ఎవరి పిల్లకు జ్వరమొచ్చినా లెక్క ఆమె ఖాతాలో పడేది. ఆమె చేసిన నేరం నాకు తెలిసి ఒక్కటే. మొగుడు పోయాక కూడా ఎకరంన్నర చెలక అమ్మనని మొండికేసింది. చివరకు ఒకనాడు సామాను మూట గట్టుకుని బిడ్డ ఇంటికి పోయింది. ఆ చెలక ఇప్పుడు వేరేవాళ్లు దున్నుతున్నారు. ఆమె పోయాక ఊళ్లో జ్వరాలు ఆగిపోయాయా అని మాత్రం ఎవరూ అడగలేదు.

ఈ గోలంతా ఇప్పుడెందుకంటే, ఈ ఏడాది మన కాలేజీలో కొత్త విద్యార్థుల రాకకు ముందు పోస్టర్ తయారుచేసే బాధ్యత మా నలుగురి మీద పడింది. మిత్రుడొకడు చకచకా రాసేశాడు, "ర్యాగింగ్ భూతాన్ని తరిమికొడదాం!" అని. నేను అడ్డుపడ్డాను. ర్యాగింగ్‌ను నిషేధిస్తూ మన రాష్ట్రంలో 1997లోనే చట్టం వచ్చింది, అది శిక్షించేది భూతాన్ని కాదు, విద్యార్థిని. హాస్టల్లో అర్ధరాత్రి జూనియర్ తలుపు తట్టేది మన పక్క బెంచీవాడే కదా అన్నాను. "సీనియర్లు జూనియర్లను ఏడిపించరాదు అని రాస్తే ఎవడు చదువుతాడన్నా? ప్రభుత్వ ప్రకటనలా ఉంటది. భూతం ఉంటేనే నిలబడి చూస్తరు" అని వాడి వాదన. నిజం చెప్పొద్దూ, అందులోనూ పస ఉంది. నారాయణగూడ చౌరస్తాలో రెండేసి కప్పుల ఇరానీ చాయ్ అయిపోయినా ఎవరూ తగ్గలేదు.

చివరికి పోస్టర్ వేసింది ఇంకో మిత్రురాలు. ఆమె భూతం బొమ్మే గీసింది, కోరలూ కొమ్ములూ అన్నీ పెట్టింది. మెడలో మాత్రం మన కాలేజీ ఐడెంటిటీ కార్డు తగిలించింది.