మూత తిప్పితే ఉస్సుమంది

నంద్యాలలో పవర్ స్ప్రేయర్లు బాగుచేసే షాపుల్ని పంట మంచి ఊపు మీద ఉన్నప్పుడే చూడాలి. మేము వెళ్ళిన షాపులో గోడకీ, రేకుల కింది పైపుకీ మిషన్లు వేలాడుతున్నాయి. ప్రతిదానికీ ఒక చీటీ. చీటీ మీద మనిషి పేరు కంటే ఊరి పేరే పెద్దగా ఉంది: శిరివెళ్ల, రుద్రవరం, గోస్పాడు, బండి ఆత్మకూరు, ఆళ్లగడ్డ. కింద జబ్బు ఒక్క ముక్కలో. ‘స్టార్ట్ కాదు.’ ‘రేజ్ లేదు.’ ‘పెట్రోలు కారుతుంది.’ కేసీ కాలువ కింద వరి, పైభూముల్లో పత్తి, మిరప. పురుగు ఆగదు కాబట్టి మిషన్ ఆగడానికి వీల్లేదు. చిన్న టూ స్ట్రోక్ ఇంజిన్ల మీద ఈ ఊళ్ళో ఇంత పనితనం పోగుపడిందంటే ఆ పొలాల పుణ్యమే. ఆ పనితనాన్ని నమ్ముకునే నేనూ, నా స్నేహితుడూ శ్రీశైలం నుంచి ఒక చెట్లు కోసే మిషన్‌ని డిక్కీలో వేసుకొచ్చాం. కొత్తది. అట్టపెట్టె కూడా ఇంకా పారేయలేదు.

స్నేహితుడు శ్రీశైలంలో ఒక అన్నదాన సత్రం చూసుకుంటాడు. వానలు మొదలైన రోజుల్లో ఈదురుగాలికి ఆవరణలోని పెద్ద నల్లమద్ది వేళ్ళతో సహా లేచి వంటశాల రేకుల మీద పడింది. కొండ మీద చెట్టు పడిపోయిందంటే గొడ్డలి తీసుకుని వెళ్ళి నరకడమే అనుకోవడానికి లేదు. చుట్టూ నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అడవి. 1978లో అభయారణ్యమై, 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణకు అవతలి భాగం అమ్రాబాద్ పేరుతో తెలంగాణకు వెళ్ళినా, ఇవతల మిగిలిన అడవి తక్కువేం కాదు. చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలి. 1967 అటవీ చట్టం కింద కేసైతే కలపతో పాటు రంపం, తాడు, బండి అన్నీ పట్టుకుపోతారు. మావాడు ముందు కాగితం తెచ్చుకుని, తర్వాతే మిషన్ కొన్నాడు. ఆ వరస నాకు నచ్చింది.

నచ్చనిది కొన్న పద్ధతి. ఫోన్లో బొమ్మ చూసి తెప్పించాడు. 58 సీసీ ఇంజిన్, 22 అంగుళాల బారు. పెట్టెలో ఒక ప్లగ్గు పానా, సన్నటి ఆకురాయి, ఎవరికీ అర్థంకాని భాషలో ఒక పుస్తకం. చూపించేవాడు లేడు, చెప్పేవాడు లేడు. మిషన్ మొరాయించాక అమ్మినవాళ్ళకి ఫోన్ చేస్తే పెట్టెలో పెట్టి వెనక్కి పంపమన్నారు. పెట్రోలు వాసన వస్తున్న పెట్టెను తీసుకోవడానికి కొరియర్ వాళ్ళు ఒప్పుకోలేదు. అప్పుడు నాకు ఫోన్ వచ్చింది.

నేను కొండెక్కి చూసేసరికి జబ్బు స్పష్టంగానే కనపడింది. చల్లగా ఉన్నప్పుడు తాడు లాగితే అందుకుంటుంది. ఊరికే తిరుగుతున్నంతసేపూ పేచీ లేదు. దుంగ మీద పెట్టి కోస్తుంటే కాసేపు బాగా నడిచి, ఉన్నట్టుండి గొంతు పెంచి కీచుమంటుంది, వెంటనే ఆగిపోతుంది. పావుగంట వదిలేస్తే మళ్ళీ ఏమీ ఎరగనట్టు అందుకుంటుంది. ప్లగ్గు మార్చాం, పాత పెట్రోలు పారబోసి కొత్తది కలిపాం, ఎయిర్ ఫిల్టర్ దులిపాం. జబ్బు అలాగే ఉంది.

సలహాలకు మాత్రం కొదవ లేదు. కొండ ఎత్తు వల్ల గాలి పల్చనై కార్బొరేటర్ లెక్క తప్పుతోందని ఒకరన్నారు. శ్రీశైలం ఎత్తు సుమారు 1500 అడుగులు. ఆ మాత్రానికి కార్బొరేటర్ లెక్కేం మారిపోదు. హిమాలయాల్లో అయితే వేరే సంగతి. ఇంకొకరు పక్కనున్న స్క్రూ అరచుట్టు బిగించమన్నారు. అది హెచ్ స్క్రూ, ఇంజిన్ జోరు మీద ఉన్నప్పుడు ఎంత పెట్రోలు వెళ్ళాలో నిర్ణయించేది. మావాడు స్క్రూడ్రైవర్ తెచ్చాడు కూడా. వద్దన్నాను. టూ స్ట్రోక్‌కి వేరే ఇంజిన్ ఆయిల్ ఉండదు, పెట్రోలులో కలిపిన నూనే పిస్టన్‌కి దిక్కు. పెట్రోలు తగ్గిస్తే నూనె కూడా తగ్గుతుంది. ఇంజిన్ ఇంకాస్త చురుగ్గా, ఇంకాస్త గట్టిగా అరుస్తుంది, బాగైందనిపిస్తుంది. లోపల పిస్టన్ బోరును రాసుకుంటూ పట్టేస్తుంది. కొత్త మిషన్‌లో లోపం వెతికేటప్పుడు అన్నిటికంటే చివర ముట్టుకోవాల్సింది ఆ స్క్రూ. జనం మొదట ముట్టుకునేది అదే.

దగ్గర్లోని సున్నిపెంటలోనూ ఈ మిషన్ మీద చెయ్యి వేసేవాళ్ళు దొరకలేదు. శ్రీశైలం ఉన్నది నంద్యాల జిల్లాలోనే గానీ, జిల్లా కేంద్రానికి రావాలంటే ఘాట్ దిగి దోర్నాల దగ్గర పక్క జిల్లాలోకి వెళ్ళి, రోళ్లపెంట, బైర్లూటి మీదుగా మళ్ళీ అడవి దాటి, మన జిల్లాలోని ఆత్మకూరు చేరి రావాలి. దాదాపు 160 కిలోమీటర్లు. రాత్రిళ్ళు అడవి గేట్లు మూసేస్తారు కాబట్టి తెల్లారగానే బయల్దేరాం. దారిలో చెక్‌పోస్టు దగ్గర డిక్కీ తెరిపించి మిషన్ చూశారు, కాగితం చూశారు, కాగితంలో చెట్టు ఎక్కడుందో చదివారు. అంత శ్రద్ధగా చూడటం నాకు సంతోషం కలిగించింది. చేత్తో లాగే రంపానికి పూట పట్టే మానును ఈ మిషన్ నిమిషాల్లో పడేస్తుంది. నల్లమలలో అది ఎవరి చేతిలో ఉందో అడగాల్సిందే.

షాపు యజమాని మధ్యవయసు మనిషి. అందరూ భాయ్ అనే పిలుస్తున్నారు, మేమూ అలాగే పిలిచాం. మిషన్ బల్ల మీద పెట్టగానే పానా అందుకుంటాడనుకున్నాను. అందుకోలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“ఎప్పుడు ఆగుతాది సామీ? లాగంగానే ఆగుతాదా, కోసేటప్పుడా?”

“కోసేటప్పుడే భాయ్. వేడెక్కినాక.”

“వేడెక్కినాదని నువ్వనుకుంటాండావు. ఆగే ముందర ఎట్ల అరుస్తాది? గొంతు తగ్గుతాదా, పెరుగుతాదా?”

“పెరుగుతుంది. కీచుమని పెరిగి పోతుంది.”

ఆ జవాబు విని తల ఊపాడు. షాపు వెనక సందులో వేపదుంగ ఒకటి ఉంది, పరీక్షలకు వాడేదే. దాని మీద పెట్టి కోయడం మొదలుపెట్టాడు. కాసేపటికి మిషన్ కీచుమని ఆగింది. ఆగిన క్షణంలోనే కింద పెట్టి ట్యాంకు మూత మెల్లగా తిప్పాడు. ఉస్సుమని గాలి లోపలికి లాక్కున్న చప్పుడు మా ఇద్దరికీ వినపడింది. మూత బిగించి తాడు లాగాడు. పావుగంట విరామం లేకుండానే అందుకుంది.

“ఊపిరాడలేదు దానికి. అంతే,” అన్నాడు.

అంతే అన్నాడు గానీ అక్కడితో వదల్లేదు, నాకు ఆయన మీద గౌరవం కలిగింది అక్కడే. వేడెక్కాక స్పార్క్ ఇచ్చే కాయిల్ చచ్చిపోయే మిషన్లు కూడా ఇలాగే ఆగుతాయట. మూత తిప్పేలోపు కాయిల్ కాస్త చల్లారి ఉండొచ్చు కదా, ఒక్కసారి చూసి ఎలా చెప్పడం? మళ్ళీ కోశాడు, మళ్ళీ ఆగింది. ఈసారి మూత ముట్టుకోలేదు. ప్లగ్గు విప్పి చూపించాడు. కొన పొడిగా, తెల్లగా ఉంది. ఇంజిన్‌కి పెట్రోలు ఎక్కువై ఉంటే తడిగా, నల్లగా ఉండాలి. ప్లగ్గును ట్యాంకుకు దూరంగా పట్టి తాడు లాగితే నీలంగా స్పార్క్ దూకింది. అంటే కరెంటు ఉంది, పెట్రోలే రావడం లేదు. ప్లగ్గు బిగించి, మూత తెరవకుండా లాగుతూ పోయాడు, పలకలేదు. మూత తిప్పాడు, ఉస్సుమంది. లాగాడు, అందుకుంది. ఇప్పుడిక వాదన లేదు.

మోటార్ సైకిల్ కార్బొరేటర్‌లో తేలే బెండు ఉంటుంది, బండిని పడుకోబెడితే అది పని చేయదు. చెట్టు కోసే మిషన్‌ని పక్కకీ, తలకిందులుగానూ తిప్పుతారు కాబట్టి దీనిలో పల్చటి డయాఫ్రమ్ ఉంటుంది. కింద క్రాంక్ గదిలో పిస్టన్ కదలికకు పుట్టే ఒత్తిడి దాన్ని ఆడిస్తే, అది ట్యాంకులోంచి పెట్రోలు లాగుతుంది. లాగిన మేరకు ట్యాంకులోకి గాలి రావాలి. రాకపోతే మూతి గట్టిగా బిగించి సీసాలో నీళ్ళు తాగబోయినట్టే: ఒక దశలో చుక్క రాదు. గాలి రావడానికి ఒక చిన్న బ్రీదర్ ఉంటుంది, గాలిని లోపలికి వదులుతుంది గానీ పెట్రోలును బయటికి రానివ్వదు. భాయ్ దాన్ని ఊడబెరికి నోటితో ఊది చూశాడు, గాలి పోలేదు. సూది మొనతో గెలికితే వెంట్రుకంత ప్లాస్టిక్ పొర బయటపడింది. అచ్చు పోసినప్పుడు మిగిలిపోయిన తునక. నంద్యాల స్ప్రేయర్లలోనూ బ్రీదర్ ఉంటుంది, చేలో బురదకూ దుమ్ముకూ మూసుకుపోతూ ఉంటుంది. అరుపు పెరిగిందనగానే ఆయన తల ఊపింది అందుకే. కొలతకు సరిపోయే బ్రీదర్ ఒకటి డబ్బాలోంచి తీసి వేశాడు.

నా దిగులు వేరే. ఆగే ముందు ఆ కీచుమనడం ఉందే, అది పెట్రోలు చాలక ఇంజిన్ ఎండిపోతున్న చప్పుడు. కొండ మీద అది ఎన్ని మార్లు అలా ఎండిందో! అడిగితే, “సైలెన్సర్ తీయల్ల. తీస్తే కనపడుతుంది,” అన్నాడు. సైలెన్సర్ విప్పితే పొగ పోయే రంధ్రంలోంచి పిస్టన్ పక్కభాగం కనిపిస్తుంది. టార్చి వేసి తాడు మెల్లగా లాగుతూ పైకీ కిందికీ కదిలించాడు. ముగ్గురం తలలు ఆనించి చూశాం. నున్నగా ఉంది, నిలువు గీత ఒక్కటీ లేదు. సొరుగులోంచి పట్టేసిన పిస్టన్ ఒకటి తీసి మావాడి చేతిలో పెట్టాడు. ఒక పక్కంతా గోళ్ళతో గీరినట్టు చారలు. “స్క్రూ తిప్పినోడిది,” అన్నాడు. మావాడు దాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

తర్వాత చైన్. ఆకురాయి పట్టుకుని ఒక్కో పన్నుకూ లోపలి నుంచి బయటికి, ఒకే కోణంలో, అన్నిటికీ ఒకే లెక్కన లాగుతున్నాడు. ఆ పన్ను ఆకారం ఒక పురుగు నుంచి వచ్చింది. అమెరికాలో ఆరిగాన్ రాష్ట్రంలో దుంగలు కోసే జోసెఫ్ కాక్స్, 1946లో, కలప తొలిచే ఒక పెంకుపురుగు లార్వా పచ్చి కర్రలో ఎటు కావాలంటే అటు దూసుకుపోవడం గమనించాడు. దాని దవడలు ఒకటి ఎడమకీ, ఒకటి కుడికీ తొలుస్తాయి. అదే తీరున ఎడమ పన్ను, కుడి పన్ను వరసగా వచ్చే చైన్ తయారుచేసి 1947లో కంపెనీ పెట్టాడు. అంతకు ముందు చైన్లకు చేతిరంపం పళ్ళలాంటివే ఉండేవి, ఊరికే మొద్దుబారేవి. నల్లమలలో టేకును తొలిచే పురుగులకు కొదవ లేదు. అలాంటి పురుగును అంత ఓపికగా చూసినవాడు ఒక కర్ర కోసేవాడు కావడం నాకు గొప్పగా తోస్తుంది.

పెట్రోలు సంగతి కూడా వచ్చింది. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసింది. ఇలాంటి చిన్న మిషన్ల పుస్తకాల్లో చాలావాటిలో పది శాతం దాటొద్దని ఉంటుంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, రబ్బరు డయాఫ్రమ్‌ని పాడుచేస్తుంది. శ్రీశైలంలో వానాకాలపు తేమ చెప్పాలా? భాయ్ చెప్పింది ఇంతే: ఆ రోజుకు కావలసినంతే కలుపుకో, పని కాగానే ట్యాంకు వంపేసి, మిగిలిన చుక్క కూడా అయిపోయేదాకా ఇంజిన్ తిప్పు. లీటరుకు 40 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్, కొలిచి, వేరే డబ్బాలో కలిపి.

మిషన్ చేతికిస్తాడనుకుంటే ఇవ్వలేదు. మావాడి కాళ్ళ వైపు చూశాడు. హవాయి చెప్పులు.

“చైన్ ఎంత జోరుగా పోతాదో తెలుసునా సామీ?”

సెకనుకు దాదాపు 20 మీటర్లు. బారు కొన పైభాగం దుంగకు తగిలిందంటే మిషన్ మొత్తం మొహం మీదికి ఎగిరి వస్తుంది, రెప్పపాటు కూడా పట్టదు. అప్పుడు ఎడమ మణికట్టు ముందున్న గార్డుకు తగిలి, బ్రేకు పడి, చైన్ ఆగాలి. ఆ బ్రేకు ఆడుతోందో లేదో కొన్నప్పటి నుంచీ ఎవరూ చూడలేదు. భాయ్ మిషన్ జోరు పెంచి గార్డును ముందుకు తోశాడు, టక్కున ఆగింది. ఐడిల్ కాస్త తగ్గించాడు, మిషన్ ఊరికే తిరుగుతున్నప్పుడు చైన్ కదలకూడదు. ఆ తర్వాత మావాడి చేత బ్రేకు వేయించాడు, విడిపించాడు, నేల మీద కాలు ఆనించి తాడు లాగించాడు, కొన తగలకుండా కోయించాడు. బూట్లు, కళ్ళద్దాలు కొనుక్కుని రమ్మని బజారుకు పంపాడు. వచ్చేదాకా మిషన్ బల్ల కిందే ఉంది. అమ్మినవాళ్ళు చెప్పాల్సింది ఇది. పెట్టెలో రానిది కూడా ఇదే. బ్రీదర్‌లో తునక ఏ ఫ్యాక్టరీలోనైనా మిగలొచ్చు, దాన్ని నేను తప్పుపట్టను. క్షణాల్లో కాలు తీసేయగల మిషన్‌ని, ఎలా పట్టుకోవాలో చూపించే మనిషి లేకుండా గుమ్మంలోకి పంపడం మాత్రం తప్పు.

బ్రీదర్‌కీ, పదును పెట్టినందుకూ డబ్బు తీసుకున్నాడు. నేర్పినందుకు ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. వెళ్ళేటప్పుడు ఒక గుర్తు చెప్పాడు: కోసేటప్పుడు రవ్వరవ్వగా పెచ్చులు రాలాలి, పిండిలా పొడి రాలిందంటే పదును పోయినట్టు. అప్పుడు బలంగా నొక్కొద్దు, చైన్ విప్పి పంపు.

అటవీ సిబ్బంది దగ్గరుండగానే నల్లమద్దిని కోశారు. దుంగలు కొలిచి రాసుకున్నారు. వంటశాల పొయ్యికి వాడుకోవడానికి మాత్రమే అనుమతి, కొండ దిగాలంటే వేరే కాగితం. మొదలు దగ్గర కోస్తుండగా పెచ్చులు కాస్తా పిండి అయ్యాయి. గాటు విప్పి చూస్తే మానులో మూసుకుపోయిన పాత మేకు, ఎప్పుడో బట్టలు ఆరేసుకునే తీగ కోసం ఎవరో కొట్టింది. మావాడు అక్కడే ఆపి, చైన్ విప్పి, గోనెగుడ్డలో చుట్టి నంద్యాల బస్సులో వేశాడు.