కాలికి కట్టిన వాచీ

మా వారికి పక్షవాతం వచ్చి ఏడు నెలలైంది. మెదడులో కుడివైపు రక్తనాళం పూడుకుపోవడంతో ఎడమ చెయ్యి, ఎడమ కాలు పట్టు తప్పాయి. మూడో నెలలో చేతికర్ర సాయంతో మెల్లగా నడవడం మొదలుపెట్టారు. అప్పుడే డాలస్ నుంచి మా అబ్బాయి అడుగులు లెక్కపెట్టే వాచీ పంపాడు. ఆ లెక్క వాడి ఫోన్లో కూడా కనబడుతుందట.

ఇక చూడండి, రోజూ ఫోనే. "ఏంటి నాన్నా, నిన్న 300 అడుగులేనా? డాక్టర్లు 10 వేలు నడవమంటారు. కనీసం 2 వేలైనా నడవకపోతే ఎలా?" వాడి బెంగ వాడిది. కానీ ఈయన ఆర్టీసీలో కండక్టరుగా 32 ఏళ్లు చేసిన మనిషి. "డిపోలో లెక్క అప్పజెప్పే ఉద్యోగం అయిపోయిందనుకున్నా. మళ్లీ వీడికి లెక్క చెప్పాలా?" అని వాచీ విప్పి దిండు కింద పెట్టేశారు. మర్నాడు నడకా మానేశారు. నాకు భయమేసింది.

ఇంటికొచ్చే ఫిజియోథెరపీ అమ్మాయితో చెప్పాను. ఆ అమ్మాయి వాచీ మళ్లీ చేతికి పెట్టించి, వరండాలో ఆయన్ని 100 అడుగులు నడిపించింది. తను నోటితో లెక్కపెట్టింది. వాచీలో పెరిగినవి 38. "అంకుల్ బాగానే నడుస్తున్నారాంటీ, వాచీకే తెలీట్లేదు" అని నవ్వింది.

కారణం కూడా చెప్పింది. మణికట్టుకి పెట్టుకునే వాచీ ముఖ్యంగా చేతి ఊపుని బట్టే అడుగుని గుర్తుపడుతుంది. పక్షవాతం వచ్చిన చెయ్యి సరిగా ఊగదు. మంచి చెయ్యేమో కర్ర పట్టుకుని ఉంటుంది. పైగా నెమ్మదిగా వేసే అడుగులో కుదుపు తక్కువ. అందుకే ఇలాంటివాళ్ల మీద పరిశోధనలు చేసేటప్పుడు పరికరాన్ని చాలాసార్లు చీలమండకి, అదీ బాగున్న కాలికి కడతారట. మేమూ పొడుగు పట్టీ కొని కుడికాలికి కట్టాం. ఈసారి 100కి 93 చూపించింది. ఆయన మొహంలో వెలుగు చూడాలి!

ఆ 10 వేల సంగతి కూడా అప్పుడే తెలిసింది. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే మీటరొకటి అమ్మకానికొచ్చింది. దాని పేరు మాంపోకెయ్, అంటే 'పదివేల అడుగుల మీటరు'. ఆ పేరుతోనే అంకె ప్రచారంలోకి వచ్చింది. అది పక్షవాతం నుంచి కోలుకునేవాళ్ల కోసం పెట్టిన లెక్క కాదు. మన నిన్నటి లెక్కే మనకి కొలబద్ద అంది ఆ అమ్మాయి.

అసలు ఉపయోగం ఆ తర్వాత తెలిసింది. ఏ గంటలో ఎన్ని అడుగులో ఫోన్లో గీతలుగా వస్తుంది. ఉదయం ఫిజియోథెరపీ వేళ పెద్ద గీత. తర్వాత రాత్రి దాకా దాదాపు ఖాళీ! ఆ ఒక్క గంట చెమటోడ్చి, మిగతా రోజంతా కుర్చీలోనే. ఎంత మంచి వ్యాయామమైనా గంటే కదా. మిగిలిన పూటంతా కాలు వాడకపోతే వచ్చిన బలం నిలవదు. అందుకే మంచినీళ్లు వంటింట్లోనే పెడుతున్నాం. దాహమేస్తే ఆయనే లేచి వెళ్తారు, వెనక నేనుంటాను. పేపరు కోసం గేటు దాకా ఆయనే. డాక్టరుగారిని అడిగాక, వారం సగటు మీద కొద్దికొద్దిగా పెంచుతున్నాం.

అలాగని అన్నిటికీ వాచీనే నమ్మకండి. కాలు ఈడుస్తున్నారో, సరిగ్గా వేస్తున్నారో దానికి తెలీదు. కొన్ని బీపీ మందులకి నాడి వేగం తగ్గుతుంది కాబట్టి, ఆ అంకె చూసి అలసట లేదనుకోకూడదు. కళ్లు తిరిగినా, ఆయాసమొచ్చినా ఆపాల్సిందే. బీపీ విడిగా చూసుకోవాల్సిందే.

అబ్బాయి ఫోన్లో లెక్క కనబడకుండా తీసేయించాను. మొదట అలిగాడు. ఇప్పుడు ప్రతి ఆదివారం వాళ్ల నాన్నే ఫోన్ చేసి వారం లెక్క అప్పజెబుతున్నారు, అచ్చం డిపోలో చెప్పినట్టే. కాలికి కట్టిన మొదటివారం రోజుకి సగటున 850. పోయినవారం 1,900.

వచ్చే నెల వీధి చివర టీ కొట్టు దాకా వెళ్తానంటున్నారు. నిన్న నేను వెళ్లి లెక్కపెట్టొచ్చాను. రానూపోనూ 620 అడుగులు. మధ్యలో కూర్చోడానికి కిరాణా కొట్టు అరుగుంది.