ఖైదీ చేపలకు రిష్తాలు

చేపలు పెంచడమంటే నాలుగు గింజలు వేసి చూస్తూ కూర్చోవడమే కదా అంటారు చాలామంది. సిక్లిడ్ చేపల్ని ఇంట్లో పెట్టుకోనివాళ్లు అనే మాట అది. ఇవి గుడ్లు పెట్టి తమ దారిన తాము పోయే రకం కాదు. పక్కనే ఉండి పిల్లల పర్వరిష్ చేస్తాయి. అందుకే ఇవంటే నాకు షౌకు. అందుకే ఒక ఫికర్ కూడా. ఆ రెండింటి గురించే ఈ నాలుగు ముక్కలు.

సిక్లిడ్ల ఖాందాన్ చాలా పెద్దది. ఆఫ్రికాలో ఒక్క మలావి సరస్సులోనే ఐదొందలకు పైగా రకాలున్నాయి. షాపుల్లో కనిపించే ఏంజెల్, ఆస్కార్, నుదుటి మీద బొప్పి ఉండే ఫ్లవర్‌హార్న్ అన్నీ వీటి రిష్తేదారులే. కేరళ వాళ్ల కరిమీన్ కూడా ఈ ఖాందానే. మన చెరువుల్లో వలకు పడే జిలేబీ చేప, అదే తిలాపియా, అది కూడా. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది మాత్రం కాన్విక్ట్. మధ్య అమెరికా చేప. బూడిద రంగు ఒంటి మీద నల్లటి నిలువు చారలు, పాత సినిమాల్లో జైలు బట్టల్లా. మా చిన్నది దానికి ‘ఖైదీ’ అని పేరు పెట్టింది.

నేను చదివింది ఉర్దూ మీడియం. శీతోష్ణస్థితిని మా జుగ్రాఫియా పుస్తకంలో ఆబ్-ఒ-హవా అనేవాళ్లు. ఆబ్ అంటే నీళ్లు, హవా అంటే గాలి. ఆక్వేరియం పెట్టినప్పుడు ఆ మాటే గుర్తొచ్చింది. ఈ రెండూ కుదిరితే చేప బతుకుతుంది, లేకపోతే లేదు.

మా ఉమ్మడి నల్లగొండ నీళ్ల సంగతి దేశమంతా తెలుసు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్. 1970లలో నాగపూర్‌లోని నీరీ శాస్త్రవేత్తలు పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతి తెస్తే, దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు స్థిరపడింది. మేం తొట్టికి నల్లా నీళ్లే వాడతాం. అయితే భగీరథ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. మనకు మంచిదే, చేప మొప్పలకు జహర్. అందుకని డ్రమ్ములో పట్టి, ఎయిర్ పంపు పెట్టి ఒక రోజంతా ఉంచుతాం. తొందరైతే యాంటీ క్లోరిన్ చుక్కలు వేస్తాం. కందిపప్పు ఉడకనంత గట్టి నీళ్లున్న ఊళ్లలో కూడా కాన్విక్ట్ సర్దుకుపోతుంది. కొత్తవాళ్లకు దీన్నే చెప్పడానికి అదొక కారణం.

కొత్త తొట్టిలో వెంటనే చేపలు వేయకూడదు. చేప విసర్జించేదీ, మిగిలిపోయిన మేతా కుళ్లి అమ్మోనియా పుడుతుంది. దాన్ని ముందు నైట్రైటుగా, తర్వాత అంతగా హాని చేయని నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అన్నాళ్లూ మేం చిటికెడు మేత వేస్తూ ఖాళీ తొట్టిని నడిపాం. ఇంటికొచ్చిన మెహమాన్లంతా “నీళ్లను పెంచుతున్నారా భాయ్?” అని నవ్వారు. సబర్ చేశాం.

జోడీ కలిపే ముందు మా చిన్నది ఒక సవాల్ అడిగింది. “అబ్బా, పిల్లలు పుడితే ఎక్కడుంటాయి?”

ఎనిమిదో తరగతి పిల్ల. ఈ షౌకులో దీన్ని మించిన ప్రశ్న ఇంకోటి లేదు. కాన్విక్ట్ ఒక్కసారికి వందకు పైగా గుడ్లు పెడుతుంది. మన దగ్గరున్నది మూడడుగుల తొట్టి. అందుకని ముందు రిష్తాలు చూశాం, తర్వాతే జోడీ కలిపాం.

రిష్తాలంటే రిష్తాలే. సూర్యాపేటలో మా గల్లీ వాళ్లు, కోదాడలో నా పాత క్లాస్‌మేట్లు, మిర్యాలగూడలో ఆపా వాళ్ల మొహల్లా. నోటుబుక్కు పట్టుకుని మా చిన్నది ఫోన్లో ఇంటర్వ్యూలు చేసింది. తొట్టి ఎంత పెద్దది? ఫిల్టర్ ఉందా? కరెంటు పోతే ఏం చేస్తారు? గాజు గిన్నెలో పెడతామన్న ఇల్లు క్యాన్సిల్. గోల్డ్‌ఫిష్‌తో కలిపి వేస్తామన్న ఇల్లు కూడా క్యాన్సిల్, ఎందుకంటే ఖైదీలు వాటిని కొరికి చంపుతాయి. ఎనిమిది ఇళ్లు కుదిరాయి, నలభై చేపలకు.

అప్పుడు తొట్టిలో చిన్న పూలకుండీని అడ్డంగా పడుకోబెట్టాం. ఈ చేపల్లో ముస్తాబంతా ఆడదానిది. పొట్ట మీద నారింజ రంగు మెరుపు దానికే ఉంటుంది. మగది ఒళ్లు పెద్దది, రెక్కలు పొడుగు. కొన్నాళ్లకు కుండీ లోపలి గోడకు గుడ్లు అంటుకుని కనిపించాయి. తల్లి రెక్కలతో రాత్రింబవళ్లు విసురుతూనే ఉంది. తండ్రి బయట పహరా. మూడో రోజుకు గుడ్లు చిట్లాయి. తోకలాడించడం తప్ప ఈదడం రాని పిల్లల్ని నోటితో మోసుకెళ్లి, ఇసుకలో తవ్విన గుంటలో పెట్టాయి. ఇంకో నాలుగైదు రోజులకు పిల్లలన్నీ ఒక మబ్బులా లేచి ఈదడం మొదలుపెట్టాయి. దారి తప్పినదాన్ని తండ్రి నోట్లోకి తీసుకుని, గుంపు దగ్గరికొచ్చి ఊదేస్తాడు. పెద్ద గింజ వేస్తే తల్లి నమిలి, పొడి చేసి పిల్లల మీదికి వదులుతుంది. చీకటి పడితే అందర్నీ కుండీలోకి తోలుకుపోతాయి. మేం వేసింది రోజుకు మూడు నాలుగు సార్లు మెత్తటి పొడి మేత, అప్పుడప్పుడు పొదిగించిన ఆర్టీమియా. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చడం. మిగతాదంతా వాటి పనే.

అసర్ నమాజు తర్వాత అమ్మీ తస్బీ పట్టుకుని తొట్టి ముందు కూర్చునేది. ఒకరోజు “ఈ మగ చేపను మీ అబ్బాకు చూపించాల్సింది. ఐదుగురిని కన్నాను, ఒక్కర్నైనా ఎత్తుకున్న పాపాన పోలేదు” అంది.

రెండు నెలలకు లెక్కపెడితే డెబ్బై నాలుగు తేలాయి. నలభై వాటి ఇళ్లకు పోయాయి. ముప్పై నాలుగు మిగిలాయి. షాపులో అడిగితే “కాన్విక్టా? ముఫ్త్‌గా ఇచ్చినా వద్దు సార్” అన్నాడు. పిల్లలు పెరిగే కొద్దీ కొట్లాటలు. పైగా మే నెల. నీళ్లు వేడెక్కితే వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, కరెంటు పోతే పంపు ఆగుతుంది. ఎవరో ఒకరం రాత్రి లేచి కూర్చోవాల్సి వచ్చేది.

అప్పుడు అమ్మీ అంది: “సద్దుల చెరువులో వదిలేయ్ బేటా. ఖుదా మఖ్లూఖ్. ఆజాద్ అయిపోతాయి, నీకు సవాబు.”

అమ్మీ మాట తీసేయడం నాకు అలవాటు లేదు. పక్కన కూర్చుని జిలేబీ చేప కథ చెప్పాను. అది మన చేప కాదు, ఆఫ్రికాది. పేదవాడికి సస్తా చేప దొరుకుతుందని 1952లో మన దేశానికి తెచ్చారు. నియ్యత్ మంచిదే. కానీ అది గుడ్లనూ పిల్లలనూ నోట్లో దాచుకుని కాపాడుకుంటుంది, నెలల వయసులోనే మళ్లీ గుడ్లు పెడుతుంది. చెరువు నిండా వేలెడంత చేపలే మిగిలాయి. 1959లో నిషేధం పెట్టినా అప్పటికే చేయి దాటింది. ఇళ్ల తొట్ల నుంచి వదిలిన దెయ్యం చేప సంగతీ అంతే. ముళ్ల రెక్కలతో వలలు చింపుతుంది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు దాన్ని తూర్పు కనుమల నీళ్లలో కనిపెట్టారు. మన ఖైదీలు కూడా తక్కువేం కాదు. ఎవరో వదిలితే ఆస్ట్రేలియాలో ఒక జలాశయంలో స్థిరపడిపోయాయి. సద్దుల చెరువైనా కోదాడ పెద్ద చెరువైనా ముదిరాజులు, గంగపుత్రులు చేప పిల్లలు పోసి, వాటి మీదే ఏడాది గడుపుకునే నీళ్లు. మిర్యాలగూడ వైపు 1967 నుంచి సాగర్ ఎడమ కాలువ పారుతోంది. కాలువలో వేసింది ఏ చెరువులో తేలుతుందో ఎవరికి తెలుసు? మనకు సవాబు అనిపించింది వాళ్లకు రిజ్ఖు మీద దెబ్బ.

అమ్మీ చాలాసేపు మాట్లాడలేదు. “అందుకేనా, మా చిన్నప్పుడు చెరువు చేపంటే కొర్రమీను, వాలుగ, పరకలు. ఇప్పుడు ఏ గంప చూసినా జిలేబీలే” అంది. తర్వాత ఫోన్ తెమ్మంది.

కోదాడలో ఖాలాకు చేసింది. మిర్యాలగూడలో ఆపా అత్తగారికి చేసింది. పెళ్లిళ్లు కుదిర్చిన అనుభవం కదా, మా చిన్నదాని కంటే ఘాటుగా అడిగింది. వారంలో నాలుగు ఇళ్లు, ఇరవై రెండు చేపలు. ముందురోజు మేత ఆపేసి, కవర్లో మూడో వంతు నీళ్లు, మిగతా అంతా ఆక్సిజన్ నింపించి, ఎండెక్కకముందే బస్సులో తీసుకెళ్లాం. కవర్ కట్టు విప్పకుండా కొత్త తొట్టిలో పావుగంట తేలేసి, తర్వాతే వదిలాం. ప్రతి ఇంటికీ ఒకటే షర్తు: వద్దనుకుంటే చెరువులో వేయొద్దు, మాకు ఫోన్ చేయండి. ఇవి మీ దగ్గర అమానత్.

మిగిలిన పన్నెండుకు రిష్తా కుదరలేదు. మా దగ్గరే ఉన్నాయి, వాటి కోసం రెండో తొట్టి కొన్నాం. పాత జోడీ మధ్య అద్దం పలక పెట్టాం. పిల్లిని కట్టేసి ఆకలితో చంపిన ఆడమనిషి గురించి మన పిల్లలందరికీ చెబుతాం. బంధించినదానికి తిండి పెట్టడం ఒక జిమ్మేదారీ. దాని పిల్లలకు చోటు చూడటం ఇంకోటి. ఈ రెండోది షాపువాడు చెప్పడు.

రేపు ఈద్‌కి మీ పిల్లలు చేపలు అడిగితే కొనివ్వండి. పర్వరిష్ అంటే ఏంటో వాళ్లు కళ్లతో చూస్తారు. జోడీ పెట్టాలనుకుంటే మాత్రం ముందు ఒక నోటుబుక్కు తెరవండి. పేర్లు నిండాకే తొట్టిలో కుండీ పెట్టండి.