సంతకు పోని అనాస పండు



కొయ్యూరు అనగానే 1924 మే 7న అల్లూరి సీతారామరాజు గారు ప్రాణము విడిచిన చోటని పెద్దలు గుర్తు చేసుకుంటారు. 2022లో ఏర్పడిన మా జిల్లాకు కూడ ఆయన పేరే పెట్టారు. అయితే సంతకు వచ్చే బేరగాళ్లకు మా మన్యము అంటే గుర్తుకు వచ్చేవి పండ్లే. వేసవిలో పనస, జీడిమామిడి. వానలు మొదలైతే అనాస. ఆ తరువాత జామ. అవన్నీ మా పెరట్లోను ఉన్నాయి. ఉండి కూడ మా బిడ్డకు ఒంట్లో రక్తము లేకపోయింది. ఆ సంగతి మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మా పెద్దమ్మాయికి అప్పుడు పద్నాలుగేళ్లు. మెట్ట ఎక్కితే ఆయాసము, సాయంత్రానికి తలనొప్పి, పుస్తకము పట్టుకుంటే నిద్ర. బద్ధకమని మేమిద్దరము కోప్పడేవాళ్లము. చివరకు ఆసుపత్రికి తీసుకువెళ్తే రక్తము పరీక్ష చేసి, పన్నెండు ఉండవలసినది ఎనిమిదే ఉన్నదన్నారు. పిల్లను తిట్టిన మాటలన్నీ గుర్తుకు వచ్చి మాకు నోట మాట రాలేదు.

నర్సమ్మగారు ఐరన్ మాత్రలు, నులిపురుగుల మాత్ర ఇచ్చి, పిల్ల ఏమి తింటున్నదని అడిగారు. చోడి అంబలి, అన్నము, పప్పు, ఆకుకూర, తిన్న వెంటనే టీ అని చెప్పాము.

"అమ్మా, చోళ్లలోను ఆకుకూరలోను ఇనుము ఉన్నది. కాని భోజనము మీద టీ తాగితే అది ఒంటికి సరిగా పట్టదు. అన్నముతోపాటు జామ, నిమ్మ, అనాస వంటివి తింటే బాగా పడుతుంది. మీ కొండ మీద అవి లేవా?" అన్నారు.

లేకేమి, ఉన్నాయి. కాని అవి సంతవి. మంచి కాయలు ఏరి బుట్టకెత్తేవాళ్లము. దెబ్బ తగిలినవి, పక్షి కొట్టినవి పిల్లలకు మిగిలేవి. పండిన అనాస నిలవ ఉండదు గనుక పొద్దు వాలేసరికి బేరగాడు చెప్పినదే ధర. ఆ డబ్బులోనుండే పిల్లలకని బిస్కెట్ పొట్లాలు కొని తెచ్చేవాళ్లము!

తరువాతి సంతకు బుట్ట కట్టేటప్పుడు అన్నిటిలోకి మంచి అనాస పండు తీసి పక్కన పెట్టాము. దానిని కోయడానికి కత్తిపీట ముందు కూర్చుంటే మా అమ్మాయి దగ్గరకు వచ్చి, "అమ్మా, అది సంతకు కాదా?" అని మెల్లగా అడిగింది. ఆ ప్రశ్న ఈనాటికీ మమ్మును విడువలేదు.

పట్టణములో బంధువుల ఇంట పెళ్లి విందులో తిన్న సలాడ్ గుర్తు చేసుకొని, మాకున్న వాటితోనే చేశాము. ఆరుగురికి సరిపడే కొలత చెబుతాము. అనాస పండులో సగము, దోర జామకాయలు రెండు, పండిన బొప్పాయి నాలుగు బద్దలు, కీరదోసకాయ ఒకటి, క్యారెట్లు రెండు, మొలకెత్తిన పెసలు రెండు గుప్పెళ్లు. పచ్చిగా తినేవి గనుక కాచి చల్లార్చిన నీళ్లతో శుభ్రముగా కడగాలి. అనాస ముక్కలకు కొంచెము ఉప్పు రాసి కాసేపు ఉంచితే నాలుక అంతగా చురచురలాడదు. అన్నీ చిన్న ముక్కలు కోసి, క్యారెట్ తురిమి, ఒక నిమ్మకాయ రసము, చిటికెడు మిరియాల పొడి, చెంచాడు తేనె వేసి కలపాలి. బొప్పాయి మెత్తనిది, చివరన వేయాలి. ఉప్పు కూడ వడ్డించే ముందే. ముందుగా వేస్తే కీరదోస నీరు వదిలి పులుసు అవుతుంది. కోసి చాలాసేపు ఉంచితే సి విటమిన్ తగ్గుతుంది, గనుక వెంటనే తినాలి.

పిల్లల నానమ్మ మొదటి రోజు చూసి, "పచ్చికూర మేకలు తింటాయి గాని మనుషులు తింటారేంటి?" అన్నది. అయినా ఒక అనాస ముక్క నోట వేసుకొని, ఏమీ అనకుండ పొయ్యి దగ్గరకు పోయి గుప్పెడు వలిసెలు వేయించి, దంచి, పైన చల్లింది. "ఇప్పుడు కమ్మగా ఉంటుంది" అన్నది. నిజమే. అప్పటినుండి వలిసెల పొడి లేకుండ మా ఇంట ఆ సలాడ్ లేదు.

ఇది కొత్త వంట, మనది కాదు అనేవారు ఉన్నారు. అనాస, జామ, బొప్పాయి మూడును అమెరికా ఖండాలలో పుట్టి, పోర్చుగీసు వారి రాకపోకల కాలములో మన దేశమునకు వచ్చినవే. మన వలిసెలు మొదట ఇథియోపియావి. క్యారెట్ పర్షియా, ఆఫ్ఘనిస్తాన్ వైపునుండి వచ్చింది. కీరదోస, మిరియాలు, పెసలు ఈ దేశపువి. ఎక్కడెక్కడివో మన నేలలో వేళ్లూనుకొని మనవైపోయినప్పుడు, ఒక్క పళ్లెములో కలవడము వింత కాదు.

టీని భోజనానికి దూరముగా జరిపాము. మూడు నెలలకు పరీక్ష చేయిస్తే పదిన్నర వచ్చింది. సలాడ్ ఒక్కటే ఈ పని చేసిందని మేము అనము. మాత్రలు తప్పకుండ వేసుకున్నది, అవి మానకూడదు. అయినా మెట్ట ఎక్కి వచ్చి ఆగకుండ తమ్ముడితో పోట్లాడిన రోజున మాకు కలిగిన సంతోషము ఇంతని చెప్పలేము.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రములో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది.

కోత పండుగకు మంచి పండు ఏరి మందిరానికి తీసుకువెళ్తాము. ప్రథమ ఫలము దేవునికని మనకు నేర్పారు. ఆ తరువాతిది సంతకు, చివరిది పిల్లలకు అని మాత్రము ఎవరును నేర్పలేదు. మేమే అలవాటు చేసుకున్నాము. పోయిన కోత పండుగ ప్రేమ విందులో మా స్త్రీల సమాజము వారు కలిసి ఈ సలాడ్ చేశారు. వలిసెలు దంచింది మా అత్తమ్మే.

ఈసారి సంతకు బుట్ట కట్టేటప్పుడు ఒక మంచి పండు తీసి ఇంట్లో పెట్టండి. దానిని పిల్లల ఎదుటనే కోయండి.