ప్రతిభయు, అవసరమును

ఉపకార వేతనములు రెండు విధములు. ప్రతిభను చూచి యిచ్చునవి కొన్ని. కుటుంబముయొక్క లేమిని చూచి యిచ్చునవి కొన్ని. రెంటిని కలిపి పొందవచ్చునా యని విద్యార్థులు నన్ను తరచుగా అడుగుచుందురు.

కేంద్ర ప్రభుత్వము కళాశాల విద్యార్థుల కొసగు వేతనమునే చూడుడు. ఇంటర్మీడియెట్‌లో నూటికి 80 మందిని మించిన మార్కులు రావలెను. కుటుంబ వార్షికాదాయము 4,50,000 రూపాయలను మించరాదు. డిగ్రీలో మొదటి మూడేండ్లు ఏటికి 12,000 రూపాయ లిత్తురు. ప్రతిభయు, అవసరమును ఇందు కలిసియే యున్నవి. కాని రాష్ట్ర ప్రభుత్వమునుండి బోధన రుసుము పొందువారికి ఇది లభింపదు. రెంటిలో నొకటి యెంచుకొనవలెను.

మా పాఠశాలలో చదివిన యొక చేనేత కార్మికుని కుమార్తెకు రెంటికిని అర్హత కలిగెను. "అయ్యా! మార్కులతో వచ్చు సొమ్ము విడిచి, పేదలమని చెప్పుకొని తీసికొనవలెనా?" అని తండ్రి చిన్నబోయెను. నేను కాగితముపై లెక్క వేసి చూపితిని. ప్రభుత్వము చెల్లించు రుసుము 12,000 రూపాయలకు మూడు రెట్లుండెను.

"అమ్మాయి మార్కులు అమ్మాయివే, అవి యెక్కడికిని పోవు. ఆదాయ ధ్రువపత్రము అడుగుటలో అవమాన మేమున్నది? మీరు నూలు కొన్నప్పుడెల్ల పన్ను చెల్లించుట లేదా?" అంటిని. మఱునాడే ఆయన తహశీల్దారు కార్యాలయమునకు వెళ్లెను.

బాలలారా! ప్రతిభవలెనే అవసరమును గూడ దాచుకొనకుడు. దరఖాస్తు వ్రాయుటకు ముందు నిబంధనలు చదువుడు, లెక్క వేయుడు, గడువు దాటనీయకుడు.