మాటలకు టానిక్ లేదు

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం కంపెనీల్లో పనిచేసేవాళ్లు పిల్లల్ని చూపించడానికి ఎక్కువగా ఆదివారమే వస్తారు. జ్వరమనో దగ్గనో చెప్పి, మందుల చీటీ అందుకుని లేవబోతూ అసలు సంగతి అడుగుతారు. "పక్కింటి పాప అన్నీ మాట్లాడుతది సార్. మావోనికి ఇంకా మాటలు రాలే. ఏమన్న టానిక్ రాయున్రి."

ఒడిశా నుంచి వచ్చిన ఒక జంట రెండేళ్ల బాబును తీసుకొచ్చారు. తండ్రిది నైట్ షిఫ్టు, పగలు నిద్ర. ఉన్నది ఒకటే గది. బిడ్డ అల్లరి చేయకుండా తల్లి ఫోన్ చేతికిచ్చి వంట చేసుకునేది. ఇంట్లో ఒడియా, బయట తెలుగు, హిందీ వినడం వల్లే మాటలు ఆగాయేమోనని ఆమె భయం. ఎన్ని భాషలు విన్నా మాటలు ఆగవు. పిలిస్తే బాబు తిరిగి చూస్తున్నాడు, కావలసింది వేలితో చూపిస్తున్నాడు. అయినా వినికిడి పరీక్ష చేయించాం, బాగానే ఉంది. రెండేళ్లలోపు పిల్లలకు ఫోన్, టీవీ అసలు వద్దని భారత శిశువైద్యుల సంఘం చెబుతోంది. ఫోన్ మాన్పించి, వంట చేస్తూనే ఆలుగడ్డ, ఉల్లిగడ్డ చూపించి ఒడియాలోనే కబుర్లు చెప్పమన్నాను. కొన్ని నెలలకు బాబు రెండేసి మాటలు కలిపి అడగసాగాడు.

ఇంకో ఇంటి బాధ తిండి. "ఏం తింటలేదు సారూ, పాలే తాగుతది" అంది ఏడాదిన్నర పాపను ఎత్తుకొచ్చిన అమ్మమ్మ. లెక్కేస్తే రోజుకు లీటరు ప్యాకెట్ పాలు, అదీ సీసాతో. కింది రెప్ప లాగి చూస్తే ఎరుపు లేదు, గోళ్లు పాలిపోయాయి. గోడ సున్నం గీకి తింటోందట. హిమోగ్లోబిన్ 7 గ్రాములే ఉంది. పాలలో ఇనుము చాలా తక్కువ. పాలతోనే కడుపు నిండితే ఇక ఆకలెక్కడిది? ఐరన్ చుక్కలు రాసి, వాటిని పాలతో కలిపి పట్టవద్దన్నాను. సీసా మాన్పించి, పాలు అరలీటరు దాటనివ్వవద్దన్నాను. గుడ్డు, పప్పు, ఆకుకూర, అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పెట్టమన్నాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆకలి టానిక్ అడిగే ముందు రక్తపరీక్ష అడగాలి.

ఏడాది నిండినా పన్ను రాలేదని కంగారు పడేవాళ్లున్నారు. కొందరికి ఇంకో రెండు మూడు నెలలు పడుతుంది, భయం లేదు. కానీ పళ్లొస్తున్నాయి కదా అని విరేచనాలను వదిలేయడం ప్రమాదం. వెంటనే ఓఆర్‌ఎస్ పట్టండి, డాక్టరు చెప్పిన మోతాదులో జింకు 14 రోజులు ఇవ్వండి.

పిల్లలందరూ ఒకే రోజున నడవరు, ఒకే రోజున మాట్లాడరు. అలాగని "వాళ్ల నాయనకూ లేటుగనే వచ్చినయ్" అనుకుంటూ కూర్చోవద్దు. పుట్టిన బరువు ఐదారు నెలలకు రెట్టింపు, ఏడాదికి మూడింతలు కావాలి. ఏడాదికి పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, ఏడాదిన్నరకు నడవకపోయినా, వేలితో చూపించకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలపకపోయినా వెంటనే చూపించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకే వచ్చి ఉచితంగా పరీక్షిస్తాయి. ఆ రోజు పనికి సెలవు పెట్టయినా బిడ్డ దగ్గర ఉండండి. పక్కింటి పిల్లతో పోలిక మానేసి, మాతా శిశు సంరక్షణ కార్డులో మీ బిడ్డ బరువు గీత ఎటు పోతోందో నెలనెలా చూసుకోండి.