నాన్న రాయి మీద ఏం రాయాలి?

నాన్న పోయి ఏడాది కావస్తోంది. జ్ఞాపకార్థ కూడిక నాటికి చీరాలలో సమాధి దగ్గర రాయి నిలబెట్టాలనుకున్నాం. చీమకుర్తి నల్లరాయి కూడా తెచ్చాం. చెక్కే ఆయన "రాయాల్సింది కాగితం మీద రాసివ్వండమ్మా, చెక్కాక దిద్దడం నా వల్ల కాదు" అన్నాడు. అక్కడే పేచీ మొదలైంది.

నాన్న మిలటరీలో పనిచేశారు. వీధిలో పిల్లా పెద్దా అందరూ "మేజరుగారు" అనేవాళ్ళు. "మేజరు అని రాయండి, లేకపోతే ఎవరిదో అనుకుంటారు" అంటుంది అమ్మ. "1971 యుద్ధవీరుడు అని పెద్దక్షరాలతో ఉండాలి" అంటాడు అన్నయ్య. ట్రంకుపెట్టెలోని డిశ్చార్జి బుక్కులో చూస్తే "హవల్దార్" అని ఉంది. ఆ మాట నేనంటే ఇద్దరికీ కోపమొచ్చింది. "కన్నతండ్రిని తగ్గిస్తావా?" అని అన్నయ్య పది రోజులు నాతో మాట్లాడలేదు.

ఇంతలో చెన్నైలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి దగ్గరికి బయల్దేరాం. అమ్మ పట్టుబట్టి అన్నయ్యనూ రప్పించింది. పొద్దున్న పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి చేరాం. మర్నాడు మా అమ్మాయి "అమ్మమ్మా, నీకో చోటు చూపిస్తా" అని ఆటోలో నందంబాక్కం తీసుకెళ్ళింది.

పోరూరు వెళ్ళే పెద్దరోడ్డు పక్కనే ఉంది యుద్ధ సమాధుల తోట. బయటంతా బస్సుల మోత. గేటు దాటితే పచ్చిక, చెట్లు, వరుసలుగా రాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధంలో ఉద్యోగంలో ఉండగా పోయినవాళ్ళ సమాధులు 850కి పైగా ఉన్నాయట. దక్షిణాదిలోనూ తూర్పునా అక్కడక్కడా ఉన్న పాత శ్మశానాల్లో చూసేవాళ్ళు ఉండరని, వాటిని ఒకచోటికి చేర్చడానికి 1952లో దీన్ని ఏర్పాటు చేశారు.

రాళ్ళన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. మా అమ్మాయి ఒక్కొక్కటే అమ్మకు చదివి చెప్పింది. పైన దళం గుర్తు, తర్వాత నంబరు, హోదా, పేరు, పోయిన తేదీ, వయసు. అంతే. కొన్నింటి మీద అడుగున ఇంటివాళ్ళు రాయించుకున్న మాట ఒకటి. అదీ ఇన్ని అక్షరాలు దాటకూడదని ఆ రోజుల్లో నియమం. మాటకూ మాటకూ మధ్య ఖాళీ కూడా అక్షరం కిందే లెక్క.

"వీళ్ళలో పెద్ద ఆఫీసర్లు లేరా?" అని అమ్మ అడిగింది.

"ఉన్నారు అమ్మమ్మా. సిపాయికైనా ఆఫీసరుకైనా ఒకే కొలత రాయి. తూటా తగిలి పోయినా, జ్వరం వచ్చి పోయినా అదే రాయి."

అమ్మ ఇరవై రెండేళ్ళ కుర్రాడి రాయి దగ్గర చాలాసేపు నిలబడింది. అన్నయ్య ఏమీ అనలేదు.

ఇంటికొచ్చాక అమ్మే నాన్న పతకాల డబ్బా తెచ్చి మా ముందు పెట్టింది. అందులో సంగ్రామ్ మెడల్ ఉంది. 1971 యుద్ధకాలంలో సైన్యంలో ఉన్నవాళ్ళకు ఇచ్చింది అది. తూర్పు రంగంలో పనిచేసినవాళ్ళకు పూర్వీ స్టార్, పశ్చిమాన చేసినవాళ్ళకు పశ్చిమీ స్టార్ ఇచ్చారు. ఆ రెండూ డబ్బాలో లేవు.

"లేవురా. అప్పుడు మీ నాన్న బెంగుళూరులోనే ఉన్నారు. కొత్త కుర్రాళ్ళకి వంతెనలు కట్టడం నేర్పేవారు. 'నేను నేర్పిన పిల్లలు వెళ్ళారు, నేను వెళ్ళలేదు' అని నా దగ్గర బాధపడేవారు. మేజరుగారూ అని పిలిస్తే నవ్వి ఊరుకునేవారు గానీ, ఔనని ఏనాడూ అనలేదు" అంది అమ్మ.

అన్నయ్య కళ్ళు తుడుచుకుని "అయితే హవల్దారనే రాద్దాం" అన్నాడు.

నంబరు, హోదా, సర్వీసు చేసిన సంవత్సరాలు డిశ్చార్జి బుక్కు చూసి రాశాం. భర్తీ అయ్యేటప్పుడు వయసు పెంచి చెప్పారట, అందుకని పుట్టిన తేదీ మాత్రం చర్చి బాప్తిస్మ రిజిస్టరులో చూసుకున్నాం. మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ పేరు ఇంగ్లీషు స్పెల్లింగుతో సహా రాసిచ్చాం. చెక్కేముందు రాయి మీద సుద్దతో రాయించి, ముగ్గురం విడివిడిగా చదివాం. మీ ఇంట్లో ఇలాంటి పని పడితే ఇది మాత్రం మరవకండి. అంకె తప్పుపడితే రాయి మార్చాల్సిందే.

అడుగున ఒక్క మాట అమ్మను చెప్పమన్నాం. ఒక రాత్రంతా ఆలోచించి చెప్పింది: "నెల తప్పకుండా ఉత్తరం రాసిన మనిషి."

కూడిక రోజున అమ్మ ఆ అక్షరాలను వేలితో తడుముకుంటూ చదువుకుంది. అంతలో గోడ పక్కన ఆడుకుంటున్న పిల్లాడొకడు ఇంకొకడితో "అది మేజరు తాత సమాధిరా" అన్నాడు. అమ్మ నవ్వింది, నాన్న నవ్వినట్టే.